జమ అంటే పెట్టుబడా, అప్పా? పొత్తు వ్యాపారం మాటలు ఎలా నేర్చుకోవాలి

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. పాలకొల్లు దగ్గర మీరు, మీ బావమరిది, ఇంకో స్నేహితుడు కలిసి రొయ్యల మేత, మందుల షాపు పెడుతున్నారు. వచ్చే వారం డీడ్ మీద, అంటే పొత్తు ఒప్పంద పత్రం మీద సంతకాలు. ఆడిటర్ గారు గంటసేపు క్యాపిటల్, డ్రాయింగ్స్, రెమ్యునరేషన్, గుడ్‌విల్ అంటూ చెబుతుంటే మీరు తల ఊపి వచ్చేశారు. బయటికి వచ్చాక టెన్షన్ పట్టుకుంది. ఈ మాటలు ఎలా నేర్చుకోవాలి, ముందు ఏవి నేర్చుకోవాలి అన్నారు.

నేను భీమవరంలో 30 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, చెరువులు, మేత షాపులు, అన్నీ చూశాను. పొత్తులు కుదిరిన రోజు స్వీట్లు తిన్నాను, విడిపోయిన రోజు అర్ధరాత్రి దాకా పుస్తకాలు తిరగేశాను. అందుకే మీ ప్రశ్న చూడగానే వివరంగా రాయాలనిపించింది.

ముందు ఒక మాట. డిక్షనరీ దగ్గర పెట్టుకుని అర్థాలు బట్టీ పట్టొద్దండి. మీరు చెరువుల్లోకి కొత్తగా దిగినప్పుడు ‘కౌంట్’ అన్న మాట ఎలా నేర్చుకున్నారో గుర్తు తెచ్చుకోండి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్ అని ఎవరో చెప్పే ఉంటారు. కానీ అది మనసుకి పట్టింది పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, గట్టు మీద నిలబడి, 40 కౌంట్‌కి ఒక రేటు, 60 కౌంట్‌కి ఇంకో రేటు కట్టడం చూశాకే. డబ్బు ఎటు మారుతుందో కళ్లతో చూస్తే మాట మరచిపోం. పొత్తు మాటలూ అంతే. ఒక్కో మాట వెనకాల ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి ఎంత వెళుతుందో చూడాలి.

ఇంకో సంగతి. నేను చూసిన గొడవల్లో తెలియని ఇంగ్లీషు మాట దగ్గర మొదలైనవి తక్కువ. తెలియని మాటైతే మనిషి జాగ్రత్త పడతాడు, నలుగురిని అడుగుతాడు. ఎక్కువ గొడవలు తెలుసనుకున్న మాటల దగ్గరే వచ్చాయి. జమ, వాటా, లాభం, రిజిస్టర్. ఈ నాలుగూ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. ముగ్గురూ మూడు అర్థాలు మనసులో పెట్టుకుని ఒకే కాగితం మీద సంతకం పెడతారు. మీరు మొదట నేర్చుకోవాల్సినవి ఇవే.

‘జమ’ గురించి మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా నాన్నగారు, ఆయన స్నేహితుడు కలిసి చిన్న రైసు మిల్లు నడిపేవారు. చెరో లక్ష పెట్టి మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత బాయిలరు పాడైంది. అప్పుడు మా నాన్న అమ్మ నగలు అమ్మి ఇంకో 80 వేలు తెచ్చారు. గుమస్తా చిట్టాలో ఆయన పేరున ‘జమ 80,000’ అని రాశాడు. అంతే. ఆ డబ్బు దేనికింద అన్నది ఎవరూ మాట్లాడుకోలేదు. మా నాన్న దృష్టిలో అది చేబదులు, మిల్లు కోలుకోగానే వెనక్కి వస్తుంది. ఆయన స్నేహితుడి దృష్టిలో అది పెట్టుబడి, మిల్లు ఉన్నంతకాలం అందులోనే ఉంటుంది. ఏడేళ్ల తర్వాత మా అక్క పెళ్లికి ఆ డబ్బు అడిగితే, “పెట్టుబడి మధ్యలో ఎలా తీస్తావురా?” అన్నారాయన. ఆయన మోసగాడు కాదు. నిజంగానే అలా అనుకున్నారు. ‘జమ’ అనే ఆ రెండక్షరాల్లో రెండు అర్థాలూ పడతాయి. ఆ పెళ్లి అప్పు చేసి చేశాం. వాళ్లిద్దరూ తర్వాత మాట్లాడుకున్నది చాలా తక్కువ.

చట్టం ఈ రెంటినీ వేరుగా చూస్తుంది. మన పొత్తు వ్యాపారాలన్నిటికీ ఆధారం 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం. మీరు పెడతానని ఒప్పుకున్నది మూలధనం, ఆడిటర్ గారి మాటలో క్యాపిటల్. దాని మీద వడ్డీ ఇవ్వాలంటే ఒప్పందంలో ఉండాలి. ఉన్నా సరే, అది లాభంలోంచే ఇస్తారు. లాభం లేని ఏడాది వడ్డీ లేదు. మూలధనం కింద ఒప్పుకున్నదానికి మించి వ్యాపారం కోసం ఇచ్చిన డబ్బు అలా కాదు. ఏమీ రాసుకోకపోయినా దాని మీద ఏడాదికి 6 శాతం వడ్డీ అడిగే హక్కు 13వ సెక్షను ఇస్తుంది. మా నాన్న 80 వేలకి అది ఏడాదికి 4,800, ఏడేళ్లకి 33,600. షాపు మూసేసినప్పుడు తీర్చే వరస కూడా వేరు. ముందు బయటివాళ్ల బాకీలు, తర్వాత భాగస్వాములు విడిగా ఇచ్చిన డబ్బు, ఆ తర్వాతే మూలధనాలు. ఇంకా ఏమైనా మిగిలితే లాభాల నిష్పత్తిలో పంచుకోవాలి.

అందుకని మీ షాపులోకి రూపాయి వేసిన ప్రతిసారీ అది మూలధనమా, అప్పా అని తేల్చి రాయించండి. కంప్యూటర్లో ఆ రెండూ వేర్వేరు ఖాతాలుగా ఉండాలి. మీ బావమరిదిని ఇలా అడగండి: “బావా, ఈ రెండు లక్షలు మూలధనంలో కలుపుదామా, అప్పు కింద రాద్దామా? అప్పైతే వడ్డీ ఎంత, ఎప్పటికి తీరుద్దాం?” ఈ ఒక్క వాక్యం నోటికి అలవాటైతే మీరు సగం నేర్చుకున్నట్టే అని నా నమ్మకం.

ఇక ‘వాటా’. నాకు అన్నిటికన్నా భయం ఈ మాటంటేనే. మన డెల్టాలో ‘పాలు’, ‘వాటా’, ‘భాగం’ అని మూడు మాటలూ కలిపేసి వాడతాం. “అందులో నాకు మూడో వంతు వాటా ఉంది” అంటాడు ఒకాయన. దేంట్లో మూడో వంతు? పెట్టిన డబ్బులోనా, వచ్చే లాభంలోనా, సరుకు, ఫర్నిచరు, డిపాజిట్లు అన్నిట్లోనా? ఈ మూడూ ఒకటే కానక్కర్లేదు. ఒకరు ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ లాభం తీసుకోవచ్చు. ఒకరు డబ్బు పెట్టకుండా కష్టం పెట్టి లాభంలో వాటా తీసుకోవచ్చు. డీడ్‌లో ఏమీ లేకపోతే మాత్రం చట్టం చెప్పేది ఒక్కటే: లాభమైనా నష్టమైనా అందరికీ సమానం. ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఎంత కష్టపడ్డారు అని చూడదు. పనిచేసినందుకు జీతం కూడా దానంతట అది రాదు, రాసుకుంటేనే వస్తుంది.

లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవే. మీ బావమరిది 6 లక్షలు, స్నేహితుడు 6 లక్షలు, మీరు 3 లక్షలు పెట్టారు. షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునేది మీరు. ఏడాదికి 9 లక్షలు మిగిలింది. డీడ్‌లో ఏ మాటా లేకపోతే తలా 3 లక్షలు. ‘పెట్టుబడి దామాషాలో’ అని ఉంటే 2:2:1 కాబట్టి వాళ్లకి చెరి 3,60,000, మీకు 1,80,000. అలా కాకుండా మూలధనం మీద 12 శాతం వడ్డీ, వర్కింగ్ పార్ట్‌నర్‌కి (షాపులో పనిచేసే భాగస్వామికి) నెలకి 15,000 జీతం, మిగిలిన లాభం సమానం అని ఉందనుకోండి. వడ్డీలు 72,000, 72,000, 36,000, మొత్తం 1,80,000. మీ జీతం 1,80,000. ఈ రెండూ పోగా మిగిలింది 5,40,000, తలా 1,80,000. అప్పుడు మీకు వచ్చేది 36,000, 1,80,000, 1,80,000 కలిపి 3,96,000. వాళ్లకి చెరి 2,52,000.

తొమ్మిది లక్షలు తొమ్మిది లక్షలుగానే ఉంది. మాట మారితే మీ భాగం 1,80,000 నుంచి 3,96,000 దాకా కదిలింది. ఇప్పుడు మీకు ‘దామాషా’, ‘ఇంట్రెస్ట్ ఆన్ క్యాపిటల్’, ‘రెమ్యునరేషన్’, ‘ప్రాఫిట్ షేరింగ్ రేషియో’ నాలుగూ వచ్చేశాయి, ఇంక ఎవరి దగ్గరా తల ఊపక్కర్లేదు. రెమ్యునరేషన్ అంటే భాగస్వామికిచ్చే జీతమే. ఆదాయపన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోవాలంటే అతను వర్కింగ్ పార్ట్‌నర్ అయి ఉండాలి, డీడ్‌లో రాసి ఉండాలి, పరిమితి దాటకూడదు. వడ్డీకీ పన్ను చట్టం ఒప్పుకునేది 12 శాతం దాకానే, అందుకే చాలా డీడ్‌లలో ఆ అంకె కనిపిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక భాగస్వామికి ఏడాదిలో ఇచ్చే జీతం, వడ్డీ లాంటివి కలిపి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి, అంటే డబ్బు ఇచ్చే ముందే పన్ను పట్టుకోవాలి. ఆడిటర్ గారు టీడీఎస్ అని ఉంటే బహుశా దీని గురించే అయి ఉంటుంది.

డ్రాయింగ్స్ అంటే మీరు ఇంటి అవసరాలకి షాపులోంచి తీసుకునే డబ్బు. అది జీతం కాదు, లాభం కాదు, మీ ఖాతాలోంచి తీసుకుంటున్న ముందస్తు. పై లెక్కలో మీరు నెలకి 20,000 చొప్పున ఏడాదికి 2,40,000 తీసుకుని ఉంటే, 3,96,000లో మీ పేరున నిలవ 1,56,000. దీన్ని రాసే ఖాతాని ‘పార్ట్‌నర్ కరెంట్ అకౌంట్’ అంటారు. బ్యాంకులో షాపు పేరున తెరిచేదీ కరెంట్ అకౌంటే. ఈ రెండూ ఒకటనుకుని “నా కరెంట్ అకౌంట్లో లక్షన్నర ఉందన్నారు, బ్యాంకులో చూస్తే పన్నెండు వేలే ఉంది” అని కంగారుగా వచ్చినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు. ఒకటి పుస్తకంలోని లెక్క, ఇంకొకటి బ్యాంకులోని నగదు.

ఆ కంగారు దగ్గరే మేత షాపు వ్యాపారం అసలు కిటుకు ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మీ వ్యాపారం అరువు మీద నడుస్తుంది. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక మన వైపు చెరువులకి మేత ఎంత కావాలో మీకు నేను చెప్పక్కర్లేదు. రైతు సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన దగ్గర్నుంచి మూడు నాలుగు నెలలు మీ షాపు నుంచే మేత, మినరల్స్, ప్రోబయోటిక్స్ తీసుకెళతాడు. డబ్బు పట్టుబడి అయ్యాక ఇస్తాడు. మధ్యలో తెల్లమచ్చ జబ్బు తగిలినా, రేటు పడిపోయినా మీ డబ్బు ఆగిపోతుంది. పుస్తకంలో మాత్రం అమ్మిన రోజే అమ్మకం, అందులో లాభం పడిపోతాయి.

కాబట్టి ‘లాభం’ అన్న మాట విన్నప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి. స్థూల లాభమా, నికర లాభమా? అంటే సరుకు కొన్న ధర మాత్రమే తీసేశారా, అద్దె, కరెంటు, కూలీలు, వడ్డీలు కూడా తీసేశారా? రెండోది, మొండిబాకీలకి ఏమైనా పక్కన పెట్టారా? మూడోది, ఇందులో చేతికొచ్చినదెంత, ఆసామీల దగ్గర ఉన్నదెంత? ఒక షాపులో ఇద్దరు భాగస్వాములు ఉండేవారు. ఒకాయన షాపులో కూర్చునేవాడు, ఇంకొకాయన డబ్బు పెట్టి హైదరాబాదులో ఉండేవాడు. ఏడాది చివర “ఏడు లక్షలు లాభం” అని చెబితే హైదరాబాదు ఆయన తన సగం అడిగాడు. ఉన్నదంతా రైతుల బాకీలే. వడ్డీకి తెచ్చి పంచారు. ఆ మరుసటి పంట పోయింది, బాకీలు రాలేదు, తెచ్చిన వడ్డీ పెరిగింది. అక్కడ తప్పుచేసినవాళ్లు ఎవరూ లేరు. ‘లాభం’, ‘నగదు’ అన్న రెండు మాటలు వేరని ముందు మాట్లాడుకోలేదు. మీ డీడ్‌లో లాభం ఎప్పుడు పంచాలో, వసూలైనదాంట్లోంచే పంచాలో ఒక వాక్యం పెట్టించండి.

కంపెనీలు డీలరుకిచ్చే స్కీములు, టర్నోవర్ డిస్కౌంట్లు, టూర్లు కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. టూరు టికెట్ ఎవరి పేరున వచ్చినా, అది షాపు అమ్మకం వల్ల వచ్చింది. షాపు లావాదేవీ వల్లగానీ షాపు పేరు వాడుకుంటేగానీ ఒక భాగస్వామికి సొంతంగా లాభం వస్తే అది సంస్థకి లెక్క చెప్పాలని చట్టంలోనే ఉంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. చిన్న విషయమే, కానీ ఇళ్లల్లో ఆడవాళ్ల మధ్య మాటలు ఇక్కడే మొదలవుతాయి.

తర్వాత ‘ఉమ్మడిగానూ, విడివిడిగానూ’. డీడ్‌లోనూ బ్యాంకు కాగితాల్లోనూ జాయింట్ అండ్ సెవరల్ అని కనబడుతుంది. చదవడానికి మామూలుగా ఉంటుంది, మోయడానికి బరువు. షాపు కంపెనీకి 20 లక్షలు బాకీ పడిందనుకోండి. మీ వాటా మూడో వంతు కాబట్టి ఆరు లక్షల అరవై ఏడు వేలు కడితే మీ పని అయిపోయిందనుకోకూడదు. కంపెనీవాళ్లు ముగ్గురినీ కలిపి అడగొచ్చు, మీ ఒక్కరినే మొత్తం 20 లక్షలూ అడగొచ్చు. మీ ఇల్లు, పొలం దాకా రావచ్చు. కట్టేశాక మిగతా ఇద్దరి దగ్గర వాళ్ల భాగం రాబట్టుకోవడం మీ పని. ఈ భారం పెట్టినదాని వరకే ఉండాలనుకుంటే ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అనే రూపం ఉంది, 2008లో దానికి వేరే చట్టం చేశారు. దాని కాగితాల పని ఎక్కువ. మీ స్థాయి షాపుకి కావాలా వద్దా అన్నది ఆడిటర్ గారినే అడగండి, కానీ ఆ మాట తెలిసి అడగండి.

దీనికి ఆనుకునే ఇంకో సంగతి ఉంది. భాగస్వామ్యంలో ఒకరు చేసిన పని అందరూ చేసినట్టే. మీ స్నేహితుడు షాపు పేరున సరుకు ఆర్డరు పెడితే మీరూ పెట్టినట్టే. కానీ కొన్ని పనులు ఒకరే చేయడానికి అధికారం ఉందని అనుకోకూడదు. షాపు డబ్బుకి తన సొంత పేరున బ్యాంకు ఖాతా తెరవడం, షాపు కోసం స్థలం కొనడం, ఉన్నది అమ్మడం, షాపుకి రావాల్సిన బాకీలో రాజీపడి కొంత వదిలేయడం అందులోవి. చివరిది గుర్తుపెట్టుకోండి. రైతు వచ్చి “పంట పోయింది బాబూ, ఐదు వేలు తగ్గించుకోండి” అంటే మన మనసు కరుగుతుంది, కరగాలి కూడా. అలాంటప్పుడు ఎంతవరకు ఒకరే తగ్గించవచ్చో, దాటితే ఇంకొకరిని అడగాలో ముందే రాసుకుంటే షాపులో ఉన్నవాడికి ఇబ్బంది ఉండదు.

మీ ఇంట్లో ఇంకెవరైనా గల్లాపెట్టె దగ్గర కూర్చుని “ఇది మా షాపే” అనడం అలవాటైతే కాస్త చూసుకోండి. భాగస్వామి కాకపోయినా, భాగస్వామినని తను చెప్పుకుని, లేదా ఇతరులు అలా చెబుతుంటే తెలిసీ ఊరుకుని, అది నమ్మి ఎవరైనా అరువిస్తే అతని మీదకీ బాధ్యత వస్తుంది. అలాగే లాభంలో వాటా తీసుకున్న ప్రతివాడూ భాగస్వామి కాడు. అమ్మకాల కుర్రాడికి జీతంతో పాటు లాభంలో రెండు శాతం ఇస్తామనొచ్చు, అప్పిచ్చినాయన వడ్డీకి బదులు లాభంలో భాగం అడగొచ్చు. అంతమాత్రాన వాళ్లు పార్ట్‌నర్లు అయిపోరు. మన ఊళ్లల్లో చెరువు కౌలు, మక్తా, పాలు అంటూ రకరకాలుగా నడుస్తాయి, అవన్నీ భాగస్వామ్యాలు కావు. ఒప్పందం, వ్యాపారం, లాభాలు పంచుకోవడం, అందరి తరఫునా ఒకరు చేయగలగడం, ఇవి కలిస్తేనే భాగస్వామ్యం. బావమరిది కాబట్టి పార్ట్‌నర్ అవడు, ఒప్పుకుంటే అవుతాడు.

‘రిజిస్టర్’ అన్న మాటలో మనవాళ్లు పడే పొరపాటు మాత్రం మీరు పడొద్దు. డీడ్‌ని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయిస్తారు. తర్వాత జీఎస్టీ నంబరు, పాన్ వస్తాయి. అన్నీ వచ్చాయి కాబట్టి రిజిస్టర్ అయిపోయిందనుకుంటారు. సంస్థని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించడం వీటన్నిటికన్నా వేరే పని. మన రాష్ట్రంలో ఆ పని జిల్లా రిజిస్ట్రార్ చూస్తారు. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు. కానీ నమోదు కాని సంస్థ తన ఒప్పందం ప్రకారం రావాల్సిన డబ్బు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. అరువు మీద నడిచే మీ షాపుకి ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. పాతిక మంది రైతుల దగ్గర లక్షలు ఆగి ఉన్నాయి, ఒకాయన కావాలనే ఎగ్గొట్టాడు, కోర్టుకి వెళ్దామంటే నమోదు లేదు. భాగస్వాముల మధ్య తగువులోనూ సంస్థ రద్దు, లెక్కలు తేల్చడం లాంటివి తప్ప మిగతా హక్కుల కోసం దావా వేయడం కుదరదు. సంతకాల రోజు “ఫర్మ్ రిజిస్ట్రేషన్‌కి ఎప్పుడు పెడుతున్నారండీ?” అని అడగండి. రసీదు కాపీ తీసుకోండి.

బయటికి వచ్చే మాటలు ఎవరూ మొదటిరోజు మాట్లాడరు, అపశకునం అనుకుంటారు. నేను మాత్రం మొదటిరోజే మాట్లాడమంటాను, ఎందుకంటే ఆ రోజు అందరి మనసులూ బాగుంటాయి. విరమణ అంటే ఒకరు తప్పుకోవడం, షాపు నడుస్తుంది. రద్దు అంటే సంస్థే మూసేయడం. ఇంగ్లీషులో రిటైర్మెంట్, డిజల్యూషన్. డీడ్‌లో ‘ఎట్ విల్’ (ఇష్టమున్నంతకాలం) అని ఉంటే, ఏ భాగస్వామైనా మిగతావాళ్లకి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి సంస్థని రద్దు చేయవచ్చు. ఒకరు చనిపోతే, వేరే ఒప్పందం లేకపోతే సంస్థ రద్దయినట్టే. మీరు ముగ్గురు కాబట్టి ‘మిగిలిన ఇద్దరూ కొనసాగించవచ్చు, పోయినవారి కుటుంబానికి ఇన్ని నెలల్లో లెక్క తేల్చి ఇవ్వాలి’ అని రాయించండి. లెక్క తేల్చకుండా ఆ డబ్బుతోనే వ్యాపారం కొనసాగిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ కుటుంబం తమ డబ్బు మీద వచ్చిన లాభంలో భాగం గానీ ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ కోరుకోవచ్చు.

తప్పుకున్నాయన “నేను వచ్చేశాను” అని ఇంట్లో కూర్చుంటే సరిపోదు. పబ్లిక్ నోటీసు ఇవ్వాలి. నమోదైన సంస్థ అయితే రిజిస్ట్రారుకి తెలపాలి, గెజిట్‌లో, ఆ జిల్లాలో నడిచే తెలుగు పత్రికలో వేయించాలి. అప్పటిదాకా, ఆయన ఇంకా భాగస్వామే అనుకుని అరువిచ్చినవాళ్లకి ఆయన మీదకూడా హక్కు ఉంటుంది.

గుడ్‌విల్‌కి మన మాట ‘పరపతి’ దగ్గరగా వస్తుంది. మీ షాపు పేరు చూసి రైతులు వస్తారు, కంపెనీ అరువిస్తుంది. ఆ పేరుకీ విలువ కట్టొచ్చు, అది కూడా సంస్థ ఆస్తే. తప్పుకునేవాడికి ఆ విలువలో భాగం ఇవ్వాలా, ఇస్తే ఎలా లెక్క కడతారు అన్నది రాసుకోండి. తప్పుకున్నాయన ఎదురుగానే ఇంకో మేత షాపు పెట్టవచ్చు కూడా. పాత పేరు మాత్రం వాడకూడదు, పాత ఖాతాదారుల్ని పిలిచి లాక్కోకూడదు. అసలు పెట్టకూడదనుకుంటే ఎంతకాలం, ఎంత మేర అని సబబైన హద్దు రాసుకోవాలి.

ఇక నేర్చుకునే పద్ధతి. మీకు వారం ఉంది, సరిపోతుంది. రేపే ఆడిటర్ గారి దగ్గర డ్రాఫ్టు కాపీ అడగండి. “ఏమండీ, ఇంట్లో ఒకసారి చదువుకుంటాం, తెలియనివి గుర్తుపెట్టుకుని వస్తాం” అంటే ఎవరూ కాదనరు. ముగ్గురూ ఒకచోట కూర్చోండి. ఒకరు బయటికి చదవండి. పేరా అయిపోగానే ఇంకొకరు దాన్ని మీ ఊరి మాటల్లో చెప్పాలి, డీడ్‌లోని మాట ఒక్కటీ వాడకుండా. చెప్పలేకపోతే ఆ పేరా పక్కన గీత పెట్టండి. చెప్పినదానికి మూడో మనిషి “నేనలా అనుకోలేదే” అంటే అక్కడ రెండు గీతలు పెట్టండి. ఆడిటర్ గారి దగ్గరికి ఆ రెండు గీతల పేరాలు ముందు తీసుకెళ్లండి.

ప్రతి మాటకీ నాలుగు ప్రశ్నలు వేయండి: ఎవరు, ఎంత, ఎప్పుడు, కుదరకపోతే ఏంటి? ‘అదనపు మూలధనం తేవాలి’ అని ఉంటే ఎవరు తేవాలి, ఎంత, ఎన్ని రోజుల్లో, తేలేకపోతే అతని వాటా ఏమవుతుంది? ‘మధ్యవర్తిత్వం’ అని ఉంటే పెద్దమనిషి ఎవరు, ఇద్దరికీ నచ్చకపోతే ఎవరు ఎంచుతారు? పైన నేను చూపించినట్టు ఒక ఏడాది ఉత్తుత్తి లెక్క మీరే కాగితం మీద వేయండి. ఒకసారి లాభంతో, ఒకసారి రెండు లక్షల నష్టంతో. నష్టం లెక్క తప్పకుండా వేయండి, చాలామంది లాభానికే వేసి ఊరుకుంటారు.

మీ బావమరిది “మనలో మనకి ఇవన్నీ ఎందుకు బావా?” అనొచ్చు. అంటే నొచ్చుకోకండి, మన వైపు అది ప్రేమతో అనే మాటే. “మన ఇద్దరికీ తెలుసు. రేపు నాకేమైనా అయితే మీ అక్కకి ఈ కాగితమే చెప్పాలి కదా” అనండి. మీ స్నేహితుడితో ఇంత మెల్లగా అక్కర్లేదు, “ఒరేయ్, నువ్వు పెట్టేది మూలధనమా అప్పా, ఇప్పుడే చెప్పు” అన్నా సరిపోతుంది.

డ్రాఫ్టు చదివాక రెండు గీతల పేరాలు ఏవైనా మిగిలితే, పేర్లూ ఊరూ తీసేసి ఆ పేరా ఒక్కటే ఇక్కడ రాయండి. ఏ మాట దగ్గర ఆగారో చెబితే, అక్కడి నుంచి లెక్క వేసి చూపిస్తాను.